తాతయ్య ఉంటేనే నడిచే పని

మా తాతయ్యకు రెండు పెళ్ళిళ్ళయ్యాయి. మొదటిది నీళ్ళ ఆఫీసుతో, రెండోది అమ్మమ్మతో. ఈ మాట నాది కాదు, అమ్మమ్మదే. వంటింట్లో గిన్నెలు తోముతూ, ముందుగదిలో ఉన్న మొగుడికి వినబడేంత గట్టిగా, ఆయన వినబడనట్టు నటించడానికి వీలుండేంత మెల్లగా అనేది. తాతయ్య ఆ రెండో సౌకర్యాన్నే వాడుకునేవాడు.

మా ఇంటి తలుపు వెనక ఒక ఇనుప కీ ఆనించి ఉండేది. కీ అంటే తాళంచెవి అనుకునేరు. అది నా భుజం దాకా వచ్చే కడ్డీ. పైన పట్టుకోవడానికి అడ్డ పిడి, కింద నలుచదరపు గాడి. రోడ్డు పక్క గుంటలో ఉండే వాల్వు తలకి ఆ గాడి తగిలించి తిప్పితే ఆ పేటకి నీళ్ళు వెళ్తాయి. తాతయ్య వయసులో ఉన్నప్పుడు ఆ కడ్డీ భుజాన వేసుకుని తెల్లవారకముందే ఊరంతా తిరిగేవాడు. ఆయన కుడి భుజం ఎడమదాని కంటే కొంచెం కిందకి ఉంటుంది. చొక్కాలు కుట్టేవాడు కొలత తీసినప్పుడల్లా ‘సరిగా నిలబడండి’ అనేవాడు. తాతయ్య సరిగానే నిలబడి ఉండేవాడు.

వాల్వు మనుషుల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు తెరిచిన వాల్వుని వాళ్ళే మూయాలి, మధ్యలో కీ చేయి మారకూడదు. ఎన్ని చుట్లు తిప్పాడో తిప్పినవాడికే తెలుసు. ఇంకొకడొచ్చి అంచనా మీద బిగిస్తే ఎక్కడో పైపు పగులుతుంది, ఆ తర్వాత నువ్వంటే నువ్వని ఇద్దరూ జుట్లు పట్టుకుంటారు. అందుకని ఒళ్ళు కాలిపోతున్నా తెరిచినవాడే వణుకుతూ వెళ్ళి మూసొచ్చేవాడు. మిగతావాళ్ళు ఈ కట్టుబాటుని ఆఫీసు గేటు దగ్గర వదిలేసి ఇంటికెళ్ళేవాళ్ళు. మా తాతయ్య మాత్రం దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన తీసిన సీసా మూత ఇంకొకరు పెట్టకూడదు. ఆయన తెరిచిన కిటికీలోంచి వాన జల్లు కొట్టి పరుపు నానిపోతున్నా ఆయనొచ్చేదాకా అలాగే ఉండాలి. ఆఫీసులో ఆయనకి ‘బిరడా’ అని పేరు పెట్టింది ఊరికే కాదు.

తర్వాత ఆఫీసుకి కంప్యూటర్ వచ్చింది. వాల్వులకి మోటార్లు బిగించారు. తిరిగే పని పోయింది. తాతయ్యని ఒక గదిలో, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ‘ఇకనుంచి మీరు ఆపరేటర్’ అన్నారు. మొదట్లో రోజూ చీకటితోనే వెళ్ళి పేట పేటకీ బటన్ తనే నొక్కేవాడు. కంప్యూటర్లు అమర్చిన కంపెనీ అతను వెళ్ళిపోయే ముందు, ‘బటన్ మీరు నొక్కక్కర్లేదు, టైము చెప్పి ఒక టాస్కు పెడితే అదే నొక్కుతుంది’ అని నేర్పాడు. తాతయ్య పేటకొక టాస్కు పెట్టాడు. ప్రతి టాస్కూ ముందుగా ఒక ప్రశ్న వేసింది: నన్ను ఎవరి పేరు మీద నడపాలి? తాతయ్య క్షణం ఆలోచించలేదు. అన్నిటికీ తన పేరే ఇచ్చాడు.

ఆ రోజు ఇంటికొచ్చి ఎంత మురిసిపోయాడో.

“తెర మీద వరసగా నా పేరేనే. పలానా పేటకి నీళ్ళు విడిచినది ఎవరు అంటే నా పేరు. ఊరంతా ఇవాళ నా పేరు మీద స్నానం చేసింది.”

“మనింట్లో బకెట్టు నింపింది మాత్రం నేనే,” అంది అమ్మమ్మ.

ఆ మురిపెం వెనకాలే చిక్కొచ్చింది. తాతయ్యది మామూలు ఖాతా. మామూలు ఖాతా పేరు మీద పెట్టిన టాస్కు, ఆ మనిషి కంప్యూటర్‌లోకి లాగిన్ అయి ఉన్నంతసేపే నడుస్తుంది. బయటికి వచ్చేస్తే అదీ పడుకుంటుంది. అందుకని తాతయ్య లాగిన్ అయ్యే ఉండేవాడు. తెరకి తాళం వేసి ఇంటికొచ్చేవాడు గానీ, లాగౌట్ మాత్రం చేసేవాడు కాదు. కరెంటు ఒక్కసారి కన్ను కొట్టినా, ఆ యంత్రం తనంతట తాను ఆగి లేచినా, తెర మీద పాస్‌వర్డ్ గడి ఒక్కటే మెరుస్తూ ఉండేది. టాస్కులన్నీ నిద్ర. అప్పుడు తాతయ్య వెళ్ళి పాస్‌వర్డ్ కొడితేనే ఊరికి నీళ్ళు. బటన్లు నొక్కే అధికారం ఉన్న ఖాతా ఆ ఆఫీసులో ఆయనదొక్కటే. ఇంజినీరు గారికి కూడా చూసే అధికారమే తప్ప ముట్టుకునే అధికారం లేదు.

‘లాగిన్ అయి ఉన్నా లేకపోయినా నడుపు’ అని పక్కనే ఇంకో గడి ఉంది. తాతయ్య దాని మీద నొక్కితే ఒక పెట్టె ఎగిరొచ్చి ‘ఈ ఖాతాకు ఆ హక్కు లేదు’ అని చెప్పి మూసుకునేది. ఆ హక్కు ఇవ్వాల్సింది హెడ్డాఫీసు వాళ్ళు. వాళ్ళని అడగాల్సింది ఇంజినీరు గారు. ఇంజినీరు గారిని తాతయ్య అడిగినప్పుడల్లా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “చూద్దాం,” అనేవారు. ఆయన అంత ఓపిగ్గా తుడుచుకున్న కళ్ళజోడులోంచి ఏమీ చూడలేదు.

పోనీ, పాస్‌వర్డ్ ఇంకొకరికి చెప్తే సరిపోయేది కదా? పంపు దగ్గర పనిచేసే మామయ్య ఉన్నాడు. నాకు చుట్టం కాదు గానీ, ఊళ్ళో అందరికీ మామయ్యే. “నాకు చెప్పి నువ్వు హాయిగా తిరిగిరా బిరడా అన్నా. ఒక్క మాట కొట్టలేనా?” అని బతిమాలేవాడు. తాతయ్య వినేవాడు కాదు. ఆయన దృష్టిలో పాస్‌వర్డ్ కూడా కీయే. చేయి మారకూడదు.

అలా మా తాతయ్య ఊరు దాటడం మానేశాడు. మా అమ్మ పెళ్ళికి కూడా ఆ రోజు కరెంటు పోయి వచ్చిందని మధ్యలో లేచి వెళ్ళి, భోజనాలయ్యే వేళకి తిరిగొచ్చాడట. ఫోటోల్లో పెళ్ళికూతురి పక్కన తండ్రి ఉండాల్సిన చోట పంపు మామయ్య పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉంటాడు. నా చిన్నప్పుడు ఆ ఫోటో చూపించి, ‘అమ్మా, మన తాతయ్య ఈయనేనా’ అని అడిగేదాన్ని. తెలిసే అడిగేదాన్ని.

అమ్మమ్మకి ఒక్కతే అక్క. నాకు పెద్దమ్మమ్మ. బస్సులో వెళ్తే సాయంత్రానికి చేరే ఊళ్ళో ఉండేది. వాళ్ళ అమ్మ తొందరగా పోతే, అమ్మమ్మకి తల దువ్వి, జడ వేసి, బడికి పంపి పెంచింది ఆవిడే. పెద్దమ్మమ్మ భర్త పోయినప్పుడు వెళ్ళాలనుకున్నారు. ఆ వారం యంత్రం రోజూ మొరాయించింది. వెళ్ళలేదు. దాని మీద అక్కాచెల్లెళ్ళు కొన్నాళ్ళు మాట్లాడుకోలేదు. తర్వాత మాట్లాడుకున్నారు గానీ, ఫోన్లోనే.

ఒకరోజు పెద్దమ్మమ్మ పక్కింటావిడ ఫోన్ చేసింది. పెద్దమ్మమ్మ మంచం పట్టిందని, అన్నం లోపలికి పోవడం లేదని చెప్పి, ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టింది. స్పీకర్లో నేనూ విన్నాను.

“ఏమే చిట్టీ, ఒక్కసారి వచ్చి కనబడవే. వీళ్ళు నా తల దువ్వుతుంటే గడ్డి పీకుతున్నట్టుంది.”

“వస్తా అక్కా. వస్తున్నా.”

“మీ ఆయన్ని కూడా తీసుకురా. ఆయన్ని తిట్టాల్సినవి కొన్ని మిగిలిపోయాయి.”

ఇద్దరూ నవ్వారు. ఫోన్ పెట్టేశాక అమ్మమ్మ లోపలికెళ్ళి ఒక దువ్వెన తెచ్చుకుంది. పళ్ళు ఎడంగా ఉన్నది, చిక్కుని లాగకుండా విడదీసేది. దాన్ని కడిగి, తుడిచి, చేతిసంచిలో వేసుకుని, సంచి గుమ్మం పక్కన పెట్టింది. అప్పుడు తాతయ్య దగ్గరకొచ్చి నిలబడింది.

“ఏమండీ, ఈసారి మీరు చూద్దాం అంటే నేను ఊరుకోను.”

“చూద్దాం అనేది నేను కాదు, ఇంజినీరు గారు.”

“అయితే ఆయన్నే నా దగ్గరకి పిలుచుకురండి.”

తాతయ్య మర్నాడే వెళ్ళాడు. నన్నూ తోడు రమ్మన్నాడు. ఎందుకని అడిగితే, “నువ్వుంటే ఆయన కాస్త మర్యాదగా మాట్లాడతాడే,” అన్నాడు. అంత బెంగ ఉందన్నమాట. పదో తరగతి రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చున్న దాన్ని చూసి ఇంజినీర్లు మర్యాద నేర్చుకుంటారని మా తాతయ్య ఒక్కడే నమ్మగలడు.

ఇంజినీరు గారి గదిలో ఫ్యాను, దాని కింద ఆయన, ఆయన ముందు టీ. తాతయ్యకి కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

“అయ్యా, ఆ హక్కు కావాలి. మా ఆవిడ అక్కగారికి బాగోలేదు.”

“ఇప్పుడు అంత అర్జంటా? మీరెలాగూ రిటైరవబోతున్నారు. అప్పటిదాకా ఇలాగే లాగించేద్దాం.”

“ఆవిడ అప్పటిదాకా లాగించేలా లేదండీ.”

ఇంజినీరు గారు కళ్ళజోడు తీశారు. తుడవడానికి గుడ్డ వెతుక్కుంటున్నారు. తాతయ్య అప్పుడు ఒక పని చేశాడు. నేనెప్పుడూ చూడనిది. రెండు చేతులూ జోడించాడు. ఒక భుజం కిందకి ఉండడం వల్ల ఆ దణ్ణం కూడా కొంచెం వంకరగానే వచ్చింది. నాకు నవ్వు రావాలి. రాలేదు.

ఇంజినీరు గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఫోన్ తీశారు. హెడ్డాఫీసులో ఎవరో అమ్మాయితో మాట్లాడారు. తాతయ్య ఖాతా పేరు చెప్పారు. “ఆఁ... ఆఁ... అదే, లాగిన్ లేకుండా నడిచే హక్కు... ఇచ్చేశారా? థాంక్సమ్మా.” ఫోన్ పెట్టేసి టీ తాగారు. అది ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

“అయిపోయిందయ్యా. ఇంత చిన్న పనికి దణ్ణాలెందుకు?”

తాతయ్య చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. వాటిని ఎలా విడదీయాలో తెలియనట్టు కాసేపు చూసుకుని, “అవునండీ,” అన్నాడు. మెట్లు దిగుతుంటే నేనడిగాను.

“తాతయ్యా, అమ్మ పెళ్ళికి ముందు కూడా ఆ ఫోన్ పనిచేసేదా?”

“నోర్ముయ్యవే.”

తన గదిలోకెళ్ళి ఆ రెండో గడి మీద నొక్కాడు. ఈసారి ఎగిరొచ్చిన పెట్టె కసురుకోలేదు, ‘అయితే పాస్‌వర్డ్ చెప్పండి’ అంది. ఎడమచెయ్యి గొడుగులా కీబోర్డుకి అడ్డం పెట్టి కొట్టాడు. పక్కనున్నది నేనొక్కదాన్నే. అన్ని టాస్కులకీ అలాగే ఇచ్చి, మొట్టమొదటిసారి లాగౌట్ చేశాడు. ఆఫీసు వెనక ఉన్న చిన్న తొట్టి వాల్వుకి టైము కాసేపటికి మార్చి ఉంచి, నన్ను తీసుకుని ఆవరణలోకొచ్చి నిలబడ్డాడు. టైమయింది. మోటారు గుర్రుమంది. తొట్టిలో నీళ్ళు పడ్డాయి. తాతయ్య బయట ఉన్నాడు, తాతయ్య పేరు లోపల పనిచేస్తోంది. పిల్లని మొదటిరోజు బడిలో వదిలి, అది ఏడవకుండా లోపలికి పోతే మొహం చిన్నబోయిన తండ్రిలా ఉన్నాడు.

“నేను లేకపోయినా నడుస్తోందే.”

“సంతోషమా, బాధా?”

“రెండూ కాదులే. పద.”

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మా తాతయ్య ఊరెళ్ళేటప్పుడు గ్యాస్ కట్టేసి, కట్టేశానా అని చూసి, చూశానా అని మళ్ళీ వెనక్కొచ్చే మనిషి. బయల్దేరే ముందురోజు సాయంత్రం ఆఫీసులో అన్నీ ఒకసారి చూసుకుందామని లాగిన్ అయ్యాడు. తెర మూల ఒక చిన్న హెచ్చరిక కనిపించింది: మీ పాస్‌వర్డ్ గడువు త్వరలో ముగుస్తుంది, మార్చుకోగలరు. ఊళ్ళో లేనప్పుడు గడువు తీరిపోతే? ఎక్కడికక్కడ ఆగిపోదూ? ఎంత జాగ్రత్తపరుడు. వెంటనే మార్చేశాడు. కొత్త పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టి, సరిపోయిందని చూసుకుని, లాగౌట్ చేసి, గది తలుపు లాగి చూసి, ఇంటికొచ్చి అమ్మమ్మతో గొప్పగా చెప్పాడు.

“అన్నీ చక్కబెట్టొచ్చా. ఇక మన జోలికి ఎవరూ రారు.”

తెల్లవారుతుండగా మొదటి బస్సు ఎక్కాం. అమ్మమ్మకి కిటికీ పక్క సీటు. ఆవిడ బస్సెక్కి ఎన్నేళ్ళయిందో గానీ, కనబడిన ప్రతి బోర్డూ పైకి చదివింది. సిమెంటు, పురుగుమందులు, పళ్ళ డాక్టరు, ఒక్కటీ వదల్లేదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని పైనుంచి తడుముతూ ఉంది. దువ్వెన ఉందో లేదోనని.

“ముందు తల దువ్వుతా. తర్వాత గోరువెచ్చటి నీళ్ళతో మొహం కడుగుతా. అక్కకి మొహం జిడ్డుగా ఉంటే అన్నం సహించదు,” అంది.

“నాకు తిట్లు ముందా, తర్వాతా?” అన్నాడు తాతయ్య.

“మీకు మధ్యలో.”

అంత హుషారుగా ఆ ఇద్దర్నీ నేను చూడడం అదే మొదలు.

సగం దారిలో ఒక పెద్ద బస్టాండులో బస్సు ఆగింది. జనం దిగి బిస్కెట్లూ టీలూ కొనుక్కుంటున్నారు. అప్పటిదాకా సిగ్నల్ లేని తాతయ్య ఫోను ఒక్కసారిగా గొంతు విప్పింది. పంపు మామయ్య.

“బిరడా అన్నా, ఎక్కడున్నావు? ఊళ్ళో ఒక్క పేటకి కూడా నీళ్ళు రాలేదు.”

తాతయ్య బస్సు దిగి ఒక స్తంభం పక్కకి వెళ్ళాడు. నేనూ వెనకే దిగాను. తను కొట్టి చూస్తానని, పాస్‌వర్డ్ చెప్పమని మామయ్య అడుగుతున్నాడు. తాతయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. జీవితంలో మొదటిసారి కీ ఇంకొకరి చేతికి ఇవ్వబోతున్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా చెప్పాడు.

“ఏంటన్నా? వినబడ్డంలేదు!”

ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. పక్కన బస్సు హారన్ కొట్టింది.

“ఏంటీ?”

చివరికి బస్టాండంతా వినేలా అరిచాడు. ఒక్కొక్క అక్షరం. పళ్ళమ్మేవాడు కూడా తలెత్తి చూశాడు. కిటికీలోంచి అమ్మమ్మ వింటోంది. నేను శ్రద్ధగానే విన్నాను. అందులో అమ్మమ్మ పేరు లేదు. మా అమ్మ పేరూ లేదు, నాదీ లేదు. ఊళ్ళో మొట్టమొదట కట్టిన నీళ్ళ ట్యాంకు పేరు ఉంది.

“అంతేలే,” అంది అమ్మమ్మ, కిటికీ ఊచలతో అన్నట్టు.

మామయ్య ఆ పాస్‌వర్డ్ కొట్టాడు. ఖాతా మూసేశామని తెర చెప్పింది. మళ్ళీ కొట్టాడు. అదే మాట. తర్వాత ఫోన్ ఇంజినీరు గారి చేతికి వెళ్ళింది.

“ఖాతా లాకైపోయిందయ్యా. హెడ్డాఫీసుకి ఫోన్ చేశా. ఎవరి ఖాతా వాళ్ళే గుర్తింపు కార్డు పట్టుకుని స్వయంగా రావాలట. రూలు. వెంటనే బయల్దేరు.”

“అయ్యా, సగం దారిలో ఉన్నాను. ఆవిడ...”

“పేరు నీదే కదయ్యా పెట్టుకున్నావు? ఊరంతా నా మీద పడుతోంది. వస్తావా రావా?”

వెనక నుంచి పంపు మామయ్య గొంతు నాక్కూడా వినబడింది. “నువ్వెళ్ళన్నా! పాత కీలు బయటికి తీస్తున్నాం, చేత్తో తిప్పేస్తాం! నువ్వెళ్ళు!”

తాతయ్య రెండు మాటలూ విన్నాడు. ఏది పట్టుకున్నాడో మీకు చెప్పక్కర్లేదు. మళ్ళీ బస్సెక్కి పై అరలోంచి సంచి దించాడు. నేనూ వెనకే ఎక్కాను.

“రేపు మళ్ళీ బయల్దేరదాం. రేపు పొద్దున్నే. ఒట్టు.”

అమ్మమ్మ ఆయన్ని చూసింది. టిక్కెట్టు ఆవిడ చేతిలోనే ఉంది. సీటు కింద బస్సు గరగరమంటోంది, డ్రైవరు ఎక్కుతున్నాడు. ఆవిడ లేచింది. చేతిసంచి తీసుకుంది. దిగింది.

నేను దిగలేదు. కిటికీ పక్క సీట్లో కూర్చుండిపోయాను. “అమ్మమ్మా, ఎక్కు. మనిద్దరం పోదాం,” అన్నాను. ఆవిడ కింద నుంచి కిటికీ ఊచ మీద వేళ్ళతో తట్టి, రమ్మని తల ఊపింది. బస్సు కదులుతుంటే దూకినట్టు దిగాను.

మేం తిరిగొచ్చేసరికి మా వీధి కుళాయిలో నీళ్ళు ధారగా పడుతున్నాయి. వాల్వు మనుషులు పాత కీలతో తిప్పేశారు. తాతయ్య ఇంట్లోకి కూడా రాకుండా నన్ను వెంటేసుకుని నేరుగా హెడ్డాఫీసుకి వెళ్ళాడు. అక్కడొక కౌంటరు ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. ఇంజినీరు గారితో ఫోన్లో మాట్లాడిన అమ్మాయే పిలిచింది. మంచి అమ్మాయే. కార్డు చూసి, ఖాతా తెరిచి, ఏం జరిగిందో విడమరిచి చెప్పింది.

“తాతగారూ, మీరు పాస్‌వర్డ్ మార్చారు కదా? టాస్కులకి ఆ సంగతి తెలీదు. మీరు వాటికిచ్చింది పాతది. మీరు ఇంటి తాళం మార్చేసి, పాత తాళంచెవి వాటి దగ్గరే వదిలేశారన్నమాట. పొద్దున్న ఒక్కో టాస్కూ వచ్చి పాత తాళంచెవితో తిప్పి చూసింది. అన్నిసార్లు తప్పు కొడితే ఎవడో దొంగ అనుకుని ఖాతా మూసేస్తుంది.”

“మార్చినప్పుడు వాటికీ చెప్పాలని ముందే చెప్పొచ్చు కదమ్మా?”

“మీరు అడగలేదు కదండీ.”

వెటకారం కాదు. నిజంగానే అంది.

“అసలు ఇలాంటివి మనుషుల పేరు మీద పెట్టకూడదు తాతగారూ. మనుషులు సెలవు పెడతారు, పాస్‌వర్డ్ మారుస్తారు, రిటైరవుతారు. దీనికంటూ వేరే ఖాతా ఒకటి చెయ్యాలి. వాల్వులు తెరవడానికి, మూయడానికి ఎంత హక్కు కావాలో అంతే ఇవ్వాలి. ఇంకేం చెయ్యలేదు, ఎక్కడికీ పోలేదు. ఉండండి, ఇప్పుడే చేసేస్తా.”

టకటకా కొట్టింది. తాతయ్య కౌంటరు మీదకి వంగి చూశాడు.

“పేరేం పెట్టారమ్మా?”

“పేరేముందండీ. వాల్వు ఖాతా.”

“ఎవరిదది?”

“ఎవరిదీ కాదు.”

తాతయ్య బల్ల మీదకి తిరిగొచ్చి కూర్చున్నాడు. తెల్లారి నుంచి తెర మీద ఆయన పేరుండదు. ఎవరిదీ కాని దానికి అడక్కుండా దొరికిన హక్కు కోసం ఈయన చేతులు జోడించాడు. నేను ఏదో ఒక వెక్కిరింపు వెతుక్కున్నాను, దొరకలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఫోన్ పక్కన పెట్టి ఉంది. దువ్వెన చేతిలో ఉంది.

“అక్క పోయింది,” అంది.

మధ్యాహ్నం పోయిందట. మేం ఆ బస్సులోనే ఉండిపోయినా ఆ వేళకి చేరేవాళ్ళం కామని తాతయ్య లెక్క చెప్పబోయాడు. అమ్మమ్మ చెయ్యెత్తింది. ఆయన ఆపేశాడు.

“చివర్లో అడిగిందట. వస్తోందా అని. బయల్దేరింది, దారిలో ఉంది అని చెప్పిందట పక్కింటావిడ. అబద్ధం చెప్పించారు మీరు ఆవిడ చేత.”

నేను పక్కన కూర్చున్నాను. అడగకుండా ఉండాల్సింది. నా నోరు ఎప్పుడు ఊరుకుంది గనక?

“నువ్వెందుకు దిగావు అమ్మమ్మా? నిన్నెవరాపారు?”

ఆవిడ దువ్వెన పళ్ళని బొటనవేలితో మీటుతూ ఉంది.

“ఎవరూ ఆపలేదే. అదే నా ఏడుపు. టిక్కెట్టుంది, సీటుంది, దారి తెలుసు. ఆయన లేచారు, నేనూ లేచాను. మీ తాతయ్య టాస్కు ఉందే, ఆయన లోపలుంటే నడిచేది, లేకపోతే పడుకునేది. ఇన్నాళ్ళూ దాన్ని సవతి అని ఆడిపోసుకున్నా. సవతి కాదు. నేనే అది.”

తాతయ్య ఆ మాట విన్నాడు. వినబడనట్టు నటించడానికి ఆవిడ ఈసారి సందివ్వలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన ముందే లేచి, బట్టలు మార్చుకుని, సంచి భుజాన వేసుకుని నిలబడ్డాడు. “పద. ఇప్పుడు నేను లేకపోయినా నీళ్ళొస్తాయి,” అన్నాడు.

అమ్మమ్మ ఆయన భుజం మీంచి సంచి తీసుకుంది. అందులోంచి ఆయన బట్టలు ఒక్కొక్కటే తీసి, మడత చెదరకుండా కుర్చీ మీద పెట్టింది. దువ్వెన ఉందో లేదో చూసుకుంది.

“మీరుండండి. మీరు లేకపోయినా నాకూ నడుస్తుందేమో చూస్తా.”

“ఒక్కదానివే ఎలా వెళ్తావే?”

“బోర్డులు చదువుకుంటూ.”

వెళ్ళింది. ఆవిడ చేరేసరికి ఆ ఇంట్లో దువ్వడానికి తల లేదు. ఆ సంగతి వెళ్ళేటప్పుడు ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు.

ఆ తర్వాత రోజుల్లో తాతయ్య తెల్లవారకముందే లేచి, కుళాయి తిప్పి ఉంచి దాని ముందు నిలబడేవాడు. కాసేపటికి అది గొంతు సవరించుకుని, గాలి చీది, నీళ్ళు వదిలేది. ఆయన నిట్టూర్చి బకెట్టు పెట్టేవాడు. ఊరికి నీళ్ళివ్వడానికి ఆయన అవసరం లేదు. బకెట్టు మోయడానికి మాత్రం ఉంది. ఆయన టీ పెడితే పాలు పొంగేవి, అన్నం పెడితే మాడేది. నేను వండుతానంటే, ‘నేను ముట్టించిన పొయ్యి నేనే ఆర్పుతా’ అని పంతం. మాడిన అన్నం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం. “చాలా బాగుంది తాతయ్యా, కీ చేయి మారలేదని తెలిసిపోతోంది,” అంటే గుడ్లురిమేవాడు. మళ్ళీ ఇంకో ముద్ద నా కంచంలోనే వేసేవాడు.

వారం దాటాక, తనే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టమని నాకు సైగ చేశాడు. ఆ ఇల్లు సర్దుతున్నానని, పక్కింటావిడ బాగా చూసుకుంటోందని, పెరట్లో రెండు మొక్కలకి నీళ్ళు పోస్తున్నానని అమ్మమ్మ చెప్పింది. అక్కడ నీళ్ళు బావిలోంచి తోడుకుంటారట. ఎవరి పేరూ అక్కర్లేదట.

తాతయ్య గొంతు సవరించుకున్నాడు.

“ఎప్పుడొస్తావే?”

తొందరేమీ లేని గొంతుతో,

“చూద్దాం,” అంది అమ్మమ్మ. ఫోన్ పెట్టేసింది.

తాతయ్య ఫోన్ వంక చూశాడు, తలుపు వెనక కీ వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు.

“చూద్దాం అంటే ఎన్నాళ్ళే?”

“నాకేం తెలుసు తాతయ్యా,” అన్నాను. “ఇంజినీరు గారిని అడుగు.”